అగ్నిధారా కవి దాశరథి

గోదావరీనది మహారాష్ట్రమునందలి త్ర్యంబకేశ్వరమునొద్ద జన్మించి, తూర్పుదిక్కుగా ప్రవహించి, నిజామాబాదు జిల్లాలోని కందకుర్తియొద్ద తెలంగాణమున అడుగిడుచున్నది. అచ్చట మంజీరయు హరిద్రయు వచ్చి ఆ మహానదిలో కలియును. ఆ సంగమమునకు దిగువన ఎడమగట్టుపై బాసర క్షేత్రము కలదు. అది వీణాపాణియైన సరస్వతీదేవి కొలువున్న చోటు. కుడిగట్టువైపున నందిపేట మొదలగు గ్రామములు కలవు. ఇంకను దిగువన పోచంపాడునొద్ద, 1963లో జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరామసాగరము కలదు. ఆ జలాశయపు నీరు నందిపేట పరిసరములదాక వ్యాపించియుండును. పిమ్మట ధర్మపురిని, మంథెనను, భద్రాచలమును, రాజమహేంద్రవరమును దాటి, మొత్తము 1465 కిలోమీటర్లు పయనించి ఈ నది సముద్రమున కలియును.

ఈ నదీతీరమున పంటలతోపాటు పాటలును పండినవి. బతుకమ్మ పండుగనాడు స్త్రీలు పూలను పేర్చి, వలయముగా తిరుగుచు పాడి, తుదకు బతుకమ్మను నీటిలో విడుతురు. ఒగ్గు కథకులు రాత్రి తెల్లవార్లు డోలు వాయించుచు మల్లన్న కథను, బీరప్ప కథను చెప్పుదురు. ఐతే ఈ పాటలన్నియు పండుగపాటలు మాత్రమే కావు. అన్యాయమును ఎదిరించిన పాటలును, చెరసాలలో పుట్టిన పాటలును ఈ తీరమున కలవు. 17వ శతాబ్దమున కంచర్ల గోపన్న భద్రాచలమున రామునకు ఆలయము కట్టించి, సర్కారు సొమ్మును అందులకు వెచ్చించెనను నేరముపై గోలకొండ చెరలో పడెను. అచ్చట ఆయన పాడిన కీర్తనలు నేటికిని తెలుగువారి ఇండ్లలో వినబడుచున్నవి. ఆయనయే రామదాసు. నదికి ఉత్తరముననున్న అడవులలో నీటిపైని, అడవిపైని, భూమిపైని తమవారికి హక్కు కలదని పోరాడిన గోండు వీరుడు కుమురం భీము 1940లో జోడేఘాటునొద్ద నేలకొరిగెను. దిగువన రాజమహేంద్రవరమునందు చదువును విడిచి స్వాతంత్ర్యోద్యమమున దూకిన గరిమెళ్ల సత్యనారాయణ, తెల్లదొరతనమును నిరసించు పాటను ఊరూర పాడి 1922లో చెరసాల చూచెను.

ఈ పరంపరలో నిజామాబాదునకును ఒక స్థానము కలదు. ఆ పట్టణమునకు ఇందూరు అని మరియొక పేరు. అందలి కొండపై పాతకాలపు కోట యొకటియు, కోటలో రఘునాథస్వామి ఆలయమును కలవు. నిజాము కాలమున ఆ కోటలోనే కారాగారము నుండెను. ఆ కారాగారపు గోడలపై ఒక యువకవి బొగ్గుముక్కతో పద్యములు వ్రాసెను. ఆ కవియే దాశరథి కృష్ణమాచార్యులు.

దాశరథి 1925వ సంవత్సరము జూలై 22వ తేదీన చినగూడూరు గ్రామమున జన్మించెను. అది అప్పటి వరంగల్లు ప్రాంతములోనిది. నేడు మహబూబాబాదు జిల్లాలో చేరియున్నది. తండ్రి వేంకటాచార్యులు, తల్లి వేంకటమ్మ. వారిది శ్రీవైష్ణవ సంప్రదాయమును నిష్ఠతో పాటించు కుటుంబము. తండ్రి సంస్కృతమున పండితుడు. అందువలన కావ్యశ్లోకములును, ఆళ్వారుల పాశురములును, ఆంధ్రమహాభారత పద్యములును బాలుని చెవులకు ఊయలనాడే పరిచితములయ్యెను. దాశరథికి తమ్ముడు రంగాచార్యులు. ఆయనయు పెద్దవాడై ఉద్యమమున పాల్గొని, పిదప నవలాకారుడుగాను, వేదములను తెలుగునకు తెచ్చిన అనువాదకుడుగాను ప్రసిద్ధికెక్కెను.

ఆ ఇంటిపేరునందే ఒక విశేషము కలదు. దాశరథి యనగా దశరథుని కుమారుడు, శ్రీరాముడు. గోదావరీతీరపు భక్తుడైన రామదాసు తాను రచించిన శతకమున ప్రతి పద్యమును ఆ పేరుతోనే ముగించెను. ఆ శతకమునకు దాశరథీ శతకమని పేరు. అటువంటి పేరుగల కవి, మూడు శతాబ్దముల తరువాత, రఘునాథుడు కొలువున్న కొండకోటలోనే బందీయగుట కాకతాళీయమే. ఐనను ఇది మరపునకు రాని సంగతి.

దాశరథి బాల్యమున హైదరాబాదు సంస్థానమును ఏడవ నిజామైన మీర్ ఉస్మాన్ అలీఖాను ఏలుచుండెను. ఆయన 1911లో సింహాసనమెక్కెను. ఆ సంస్థానమున తెలుగు, మరాఠీ, కన్నడము మాట్లాడువారు బహుళముగా నుండిరి. అందరిలోను తెలుగువారి సంఖ్యయే పెద్దది. కాని కచ్చేరీలలోను, న్యాయస్థానములలోను, ఉన్నత పాఠశాలలలోను ఉర్దూయే రాజ్యమేలుచుండెను. పల్లెలలో దొరలు, దేశముఖులు పేదలచేత కూలి యీయక పని చేయించుకొనుచుండిరి. దానిని వెట్టిచాకిరి యనిరి. సభ చేయవలెనన్నను సర్కారువారి అనుమతి కావలసియుండెను. 1921లో హైదరాబాదు నగరమున జరిగిన ఒక సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాట్లాడబోగా, కొందరు అల్లరిచేసి ఆయనను మాట్లాడనీయలేదు. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. అదియే క్రమముగా ఆంధ్రమహాసభగా పెరిగెను.

నిజామాబాదు ప్రాంతము ఆ కాలమున పైకి భాగ్యవంతముగా కనబడుచుండెను. మంజీరపై కట్టిన నిజాంసాగరము 1931 నాటికి పూర్తియై, దాని కాలువలు బోధను పొలములకు నీరు తెచ్చెను. చెరకుతోటలు విస్తరించెను. 1937లో బోధనునొద్ద చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. అదే సంవత్సరమున నిజామాబాదు పట్టణమున మందుముల నరసింగరావు అధ్యక్షతను ఆంధ్రమహాసభ ఆరవ సమావేశము జరిగెను. తియ్యని చెరకు పండించు నేలపైననే, తమ భాషకు మన్నన కావలెనను కోరికయు, తమ బ్రదుకునకు గౌరవము కావలెనను కోరికయు మొలకెత్తుచుండెను.

దాశరథి ఖమ్మము ఉన్నత పాఠశాలలో చదివెను. అచ్చటి చదువంతయు ఉర్దూలోనే సాగెను. ఇంట సంస్కృతము, తెలుగు. బడిలో ఉర్దూ, పారసీకము. ఈ రెండు లోకములలో ఏ యొక్కటినైనను ఆయన తృణీకరింపలేదు. నన్నయ తిక్కనలను, పోతనను ఎంత ప్రీతితో చదివెనో, గాలిబును, ఇక్బాలును అంత ప్రీతితోనే చదివెను. చిన్ననాటనే ఛందస్సుపై పట్టు సంపాదించి, పద్యములను ఆశువుగా చెప్పగల నేర్పు గడించెను. పద్యమును రాగయుక్తముగా చదివినచో అక్షరాస్యులు కానివారి హృదయములకును అది చేరునని ఆయన గ్రహించెను. ఈ గ్రహింపే తరువాత ఆయన జీవితమును మలచెను.

చదువుకొను దినములలోనే దాశరథి చూపు పుస్తకములనుండి పల్లెలవైపు మరలెను. పండించువాడు పస్తుండుటయు, పండింపనివాడు గాదెలు నింపుకొనుటయు ఆయనకు సహింపరాని విషయమాయెను. మొదట ఆయన సామ్యవాదుల వైపు మొగ్గెను. కొంతకాలమునకు వారి పక్షమును విడిచెను. కాని ప్రజలపక్షమును మాత్రము విడువలేదు. ఆంధ్రమహాసభ కార్యకర్తగా ఊరూర తిరిగి, ఉపన్యసించుచు, పద్యములు చదువుచు, జనులను మేల్కొలుపసాగెను.

అది పాటలు ఆయుధములైన కాలము. 1946వ సంవత్సరము జూలై 4వ తేదీన కడవెండి గ్రామమున దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు బలియయ్యెను. ఆనాటినుండి తెలంగాణమున రైతుల పోరు మంటవలె వ్యాపించెను. సుద్దాల హనుమంతు, బండి యాదగిరి మొదలగు ప్రజాకవులు పశులకాపరుల గొంతులకును, కూలివాండ్ర గొంతులకును అందు పాటలను కట్టిరి. గొల్లసుద్దులు, బుఱ్ఱకథ మున్నగు పాత కళారూపములు క్రొత్త కథలను చెప్పసాగెను. నగరమున మఖ్దూం మొహియుద్దీను ఉర్దూలో శ్రామికుల గీతములను రచించెను. వీరిలో దాశరథి త్రోవ వేరు. ఆయన పండితులు మెచ్చు వృత్తములను చేపట్టి, వానిలో పామరుల ఆవేదనను నింపెను. రాజులను పొగడుటకై ఉపయోగించిన ఛందస్సులతోనే రాజును నిలదీసెను.

1947వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన భారతదేశము స్వతంత్రమయ్యెను. దేశమంతట జెండాలెగిరెను. కాని హైదరాబాదు సంస్థానమున ఆ జెండా నెగురవేయుట నేరముగా పరిగణింపబడెను. నిజాము భారతదేశమున కలియుటకు అంగీకరింపలేదు. 1947 నవంబరు 29వ తేదీన ఉభయ ప్రభుత్వములకును యథాతథపు ఒడంబడిక కుదిరినను, సంస్థానమున శాంతి నెలకొనలేదు. కాశిం రజ్వీ నాయకత్వమున రజాకారులు గ్రామములపై బడి దోపిడులు, దహనములు సాగించిరి. ఎదిరించినవారు చెరసాలల పాలైరి. అట్లు చెరసాలలు నిండిన దినములలో దాశరథియు బంధింపబడి, తుదకు ఇందూరు కోటలోని కారాగారమునకు చేర్పబడెను. అప్పటికాయన వయస్సు ఇరువదిరెండు సంవత్సరములు.

ఆ కారాగారముననే వట్టికోట ఆళ్వారుస్వామియు బందీగా నుండెను. ఆళ్వారుస్వామి 1915లో నల్లగొండ ప్రాంతమున పేదయింట పుట్టినవాడు. ఇతరుల ఇండ్లలో వంటపని చేయుచు, భోజనశాలలో వడ్డనపని చేయుచు చదువు నేర్చెను. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను మూటగట్టుకొని ఊరూర తిరిగి అమ్మెను. పండితకుటుంబమున పుట్టిన దాశరథికిని, వంటయింట చదువు నేర్చిన ఆళ్వారుస్వామికిని ఆ గోడల నడుమ గాఢమైన మైత్రి కుదిరెను. ఒకరికి పద్యము ప్రాణము, మరియొకరికి పుస్తకము ప్రాణము. ఇరువురికిని ప్రజలు ప్రాణము.

బందీయైన కవికి అన్నిటికంటెను పెద్ద లోటు కాగితమును కలమును లేకుండుట. భావము పొంగుచుండును, దానిని నిలుపుకొనుటకు ఆధారముండదు. పద్యము మనస్సున రూపొందిన క్షణముననే ఎచ్చటనైనను వ్రాయబడనిచో మరునాటికి చెదరిపోవును. అప్పుడు దాశరథి దృష్టి గోడలమీద పడెను. పండ్లు తోముకొనుటకై యిచ్చిన బొగ్గుముక్కయే ఆయనకు కలమయ్యెనని ఆనాటివారు చెప్పుకొనిరి. ఆ బొగ్గుతో ఆయన కారాగారపు గోడపై నిజాము నిరంకుశత్వమును ఖండించు పద్యమును వ్రాసెను. అందు నిజామును పిశాచముగా సంబోధించి, అటువంటి ప్రభువును తన నేల ఎన్నడు నెరుగదని నిర్భయముగా చాటెను.

ఆ పనిలోని సాహసము తేలికగా తలపదగినది కాదు. బయట సభలో పద్యము చదివిన కవికి చుట్టును జనముండును. ఆపద వచ్చినచో తప్పుకొనుటకు దారియుండును. చెరసాలలో వ్రాసిన కవికి అవి రెండును లేవు. వ్రాసినవాడెవడో కావలివారికి తెలియకపోదు. దెబ్బలు తప్పవు. దాశరథి దెబ్బలు తినెను. కాని గోడమీద వ్రాసిన పద్యమును చదివిన తోడిఖైదీలు దానిని కంఠస్థము చేసిరి. గోడను కడిగినచో బొగ్గుగీతలు పోవును గాని, నోటికి వచ్చిన పద్యము పోదు. పద్యమునకు గణములును, యతిప్రాసలును ఉండుటవలన అది సులభముగా జ్ఞాపకముండును. పూర్వకవులు ఏర్పరచిన ఆ కట్టుబాట్లే ఆనాడు పద్యమును చెరసాల దాటించెను. రామదాసు కీర్తనలు గోలకొండ గోడలను దాటి వచ్చినట్లు, దాశరథి పద్యములు ఇందూరు గోడలను దాటి వచ్చెను.

1948వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన భారతసేనలు సంస్థానమున ప్రవేశించెను. కొలదిదినములలోనే నిజాము లొంగిపోయెను. హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమయ్యెను. స్వేచ్ఛ లభించిన దాశరథి తన పద్యములను గ్రంథరూపమునకు తెచ్చెను. 1949లో వెలువడిన ఆ తొలి కావ్యమునకు అగ్నిధార యని పేరు పెట్టెను. ధార యనగా ప్రవాహము. నీటికి మారుగా నిప్పు ప్రవహించినదని ఆ పేరునకు అర్థము. ఆ గ్రంథమును ఆయన ధనవంతునకు గాని, అధికారికి గాని అంకితము చేయలేదు. కారాగారమున తనతో కష్టములను పంచుకొన్న వట్టికోట ఆళ్వారుస్వామికి అంకితము చేసెను. పూర్వము కవులు రాజులకు కృతులిచ్చి అగ్రహారములు పొందిరి. దాశరథి కృతినొసగి మైత్రీఋణమును తీర్చుకొనెను.

1950లో రుద్రవీణ వెలువడెను. దాశరథి కవితలో వీణ మాటిమాటికి కనబడును. ఆయన తన తెలంగాణమునే ఒక అమూల్యమైన వీణతో పోల్చెను. ఈ పోలిక సామాన్యమైనది కాదు. అప్పటివరకును తెలంగాణమనగా వెనుకబడిన సీమ యనియు, అచ్చట కవులే లేరనియు కొందరు తలచుచుండిరి. ఆ మాటకు సమాధానముగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను ప్రకటించెను. ప్రతాపరెడ్డి లెక్కతో చూపినదానిని దాశరథి పోలికతో చూపెను. వీణ మూలనబడియున్నంతమాత్రమున అందు నాదము లేదనరాదు. తీగలను సవరించు చేయి కావలెను. తన జనులు మూగవారు కారు, మూగవారుగా చేయబడినవారు అని ఆయన భావము.

1953లో తెలంగాణ రచయితల సంఘము ఏర్పడెను. దానిని నెలకొల్పుటలో దాశరథి ప్రముఖపాత్ర వహించెను. ఊరూర సాహిత్యసభలు జరిపి, యువకవులను ప్రోత్సహించెను. తెలుగువారందరును ఒక రాష్ట్రముగా ఏర్పడవలెనని ఆయన ఆ దినములలో అభిలషించెను. 1955లో వెలువడిన మహాంధ్రోదయము ఆ అభిలాషకు ఫలము. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించినప్పుడు ఆయన కవిత దానికి స్వాగతము పలికెను. తరువాతి కాలమున ప్రత్యేక రాష్ట్రముకొరకు ఉద్యమించినవారును తెలంగాణమును కీర్తించిన ఆయన పద్యమునే తమ నినాదముగా గ్రహించిరి. 2014వ సంవత్సరము జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్రము ఏర్పడునాటికి ఆ పద్యము ఇంటింటి మాటయై యుండెను. భిన్నమార్గములు త్రొక్కిన ఇరుపక్షములవారును ఒకే కవిని తమవానిగా తలచుట అరుదైన విషయము. నేలను ప్రేమించుటలో ఆయన చూపిన నిజాయితీయే దానికి కారణము.

దాశరథి జీవితమున మరియొక ముఖ్యమైన ఘట్టము కలదు. నిజాము ప్రభుత్వము ఉర్దూను తెలుగుబాలురపై బలవంతముగా రుద్దెను. ఆ ప్రభుత్వమే ఆయనను చెరలోనుంచెను. అట్టి స్థితిలో ఆ భాషపైననే ద్వేషము కలుగుట సహజము. కాని దాశరథి ప్రభుత్వమును భాషతో కలిపి చూడలేదు. ప్రజలను పీడించినది అధికారము. ఉర్దూ ఎవరిని పీడింపలేదు. ఆ భాషయు కోటానుకోట్ల పేదల మాతృభాషయే. ఈ వివేకముతో ఆయన ఉర్దూ మహాకవియైన గాలిబు కవితను తెలుగు చేసెను. గాలిబ్ గీతాలు అను పేర ఆ గ్రంథము 1961లో వెలువడెను. ఉర్దూ రానివారు సయితము ఆ గ్రంథము ద్వారా గాలిబు హృదయమును తెలిసికొనిరి. కారాగారపు గోడపై వ్రాసిన చేతితోనే ఆయన ఈ అనువాదమును చేసెను. రెండు పనులలోను కనబడునది ఒక్కటే గుణము, న్యాయబుద్ధి.

బ్రదుకుతెరువునకై దాశరథి పలు ఉద్యోగములు చేసెను. కొంతకాలము ఉపాధ్యాయుడుగా నుండెను. కొంతకాలము పంచాయతీల తనిఖీ అధికారిగా తిరిగెను. ఆకాశవాణిలో ప్రయోక్తగా పనిచేసెను. 1961లో చలనచిత్రములకు పాటలు వ్రాయనారంభించెను. ఆ సంవత్సరమున వచ్చిన వాగ్దానము, ఇద్దరు మిత్రులు అను చిత్రములలోని ఆయన పాటలు ప్రజాదరణ పొందెను. అగ్నివంటి పద్యములు వ్రాసిన కవి వెన్నెలవంటి పాటలు వ్రాయుట కొందరికి వింతగా తోచెను. కాని గోదావరి వర్షాకాలమున గట్లు తెంచుకొని పారును. వేసవిలో ఇసుకతిన్నెల నడుమ సన్నగా పారును. రెండు రూపములును ఆ నదివే. దాశరథి కవిత్వమును అట్టిదే. సినిమాపాటలలో కూడ ఆయన వీణను మరువలేదు. బాణీకి తగినట్లు మాటను పొదుగుటలో ఉర్దూ గజళ్ల పరిచయము ఆయనకు మిక్కిలి తోడ్పడెను.

గౌరవములు ఆయనను వెదకుకొనుచు వచ్చినవి. కవితాపుష్పకము అను గ్రంథమునకు 1967లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. తిమిరంతో సమరం అను కావ్యమునకు 1974లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను. 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆయనను ఆస్థానకవిగా నియమించెను. ఒకప్పుడు పద్యము వ్రాసినందుకు ప్రభుత్వము ఆయనను చెరలో పెట్టెను. మూడు దశాబ్దముల తరువాత పద్యము వ్రాసినందుకే ప్రభుత్వము ఆయనకు ఆసనము వేసెను. 1983 వరకు ఆయన ఆ పదవిలో నుండెను. తన అనుభవములను యాత్రాస్మృతి అను పేర గ్రంథస్థము చేసెను.

ఆళ్వారుస్వామి అంతకుముందే, 1961 ఫిబ్రవరి 5వ తేదీన, చిన్నవయసుననే కన్నుమూసెను. ఆయన రచించిన ప్రజల మనిషి అను నవల తెలంగాణపు పల్లెజీవితమును తొలిసారిగా నిండుగా చిత్రించిన నవలలలో నొకటిగా నిలిచెను. ఇందూరు చెరలో కలిసిన ఇరువురు మిత్రులలో నొకరు పద్యముద్వారాను, రెండవవారు గద్యముద్వారాను ఒకే ప్రజల కథను లోకమునకు తెలిపిరి.

దాశరథి 1987వ సంవత్సరము నవంబరు 5వ తేదీన పరమపదించెను. ఆయన జీవించినది అరువదిరెండు సంవత్సరములు. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిదప ప్రభుత్వము ఆయన జన్మదినమైన జూలై 22వ తేదీన ఆయన పేర సాహితీ పురస్కారము నొసగుట ప్రారంభించెను.

దాశరథికి సేనలు లేవు, ధనము లేదు. చెరలోనున్న దినములలో కాగితముముక్కయు లేదు. ఆయనకున్నవి రెండే: తాను నేర్చిన పద్యము, తాను నమ్మిన న్యాయము. నేర్చినది చెవికింపుగా నుండుటవలన జనులు విడువకుండ జ్ఞాపకముంచుకొనిరి. నమ్మినది సత్యమగుటవలన దెబ్బలకు ఆయన చలింపలేదు. విద్య నేర్చువాడు దానిని ఎవరికొరకు వినియోగింపవలెనను ప్రశ్నకు ఆయన జీవితమే సమాధానము. అధికారమును ఎదిరించుట వేరు, తోడిమానవుని భాషను, మతమును ద్వేషించుట వేరు అను పాఠమును ఆ జీవితముననే కలదు.

ఇందూరు కొండ నేటికిని పట్టణమునకు అండగా నిలిచియున్నది. అచ్చటికి కొంతదూరమున, నందిపేట పొలముల కావల, గోదావరి నిండుగా సాగుచున్నది. ఎగువన బాసరలో బాలబాలికలు పలకపై తొలి అక్షరమును దిద్దుచున్నారు. ఒకనాడు ఈ సీమలోనే ఒక యువకుడు గోడను పలకగాను, బొగ్గును బలపముగాను చేసికొని వ్రాసెను. ఆ గోడపై వ్రాత ఏనాడో చెరిగిపోయెను. ఆ పద్యము మాత్రము నేటికిని జనుల నోళ్లలో నిలిచియున్నది.